ఈ పసుపు చిత్రకారుడిదా, వార్నిష్‌దా?

శరదృతువులో నల్లగొండ దిక్కు పల్లె. కాన్వాసు మీద ఆయిల్ రంగులు, 18 × 24 అంగుళాలు. సంతకం, తేదీ లేవు. గట్ల మీద తంగేడు, గునుగు, వెనక రాతిగుట్టలు, నిండిన చెరువు, పొట్టకొచ్చిన వరి. ఆకాశం మాత్రం తేనెరంగు. దసరా పూట మన ఆకాశం కడిగినట్టు నీలంగా కదా ఉండేది! పోనీ సాయంత్రమేమో అనుకుందామంటే చెట్ల నీడలు మొదళ్ల దగ్గరే ఉన్నాయి. తెల్లగా ఉండాల్సిన కొంగలు, గునుగు పూలు కూడా పసుపు తిరిగాయి. ఫ్రేము కింద దాగిన పావు అంగుళం అంచు కొంచెం నీలంగానే ఉంది, కానీ బొమ్మ మీద కాపుగా వేసే, పాతబడితే పసుపెక్కే వార్నిష్ అక్కడిదాకా పూశారో లేదో.

ఓ మూలన డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూది దొర్లిస్తే బూడిదరంగు మురికి వచ్చింది, పసుపు కదల్లేదు. మినరల్ టర్పెంటైన్‌తో తడి ఉన్నంతసేపు రంగులు లోతుగా కనిపించాయి, ఆరాక మళ్లీ అంతే. దూదికి ఏమీ అంటలేదు. చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేస్తే ఆకుపచ్చ పొగలాంటి మెరుపు. వార్నిష్‌లో వాడే డామర్ లాంటి సహజ రెసిన్ (చెట్టు నుంచి కారే జిగురు) ముదిరితే అలా మెరుస్తుంది. అయితే చిత్రకారుడే డామర్ కలిపి పల్చటి పసుపు గ్లేజ్ (కింది రంగు కనిపించేలా వేసే పారదర్శక రంగుపూత) వేసినా దాదాపు అలాగే కనిపించొచ్చు. అందుకే ఆల్కహాల్, అసిటోన్ జోలికి పోలేదు. గ్లేజ్ అయితే వార్నిష్‌తో పాటే లేచిపోతుంది.

ద్రావకం ముట్టించకుండా, ఇది గ్లేజా లేక ముదిరిన వార్నిషా అని తేల్చే పరీక్ష ఏది?