జావాలో తేదీ: ఎక్స్ఎంఎల్‌లో ఖాళీ ట్యాగ్ వస్తోంది

ప్రశ్న: భీమవరం వైపు రొయ్యల చెరువుల పట్టుబడి లెక్కలు జాక్స్‌బీతో (జావా డేటాను ఎక్స్ఎంఎల్‌గా మార్చే లైబ్రరీ) ఎక్స్ఎంఎల్‌లోకి, అంటే ట్యాగుల మధ్య డేటా ఉండే ఫైల్లోకి, రాస్తున్నామండీ. లోకల్‌డేట్ (జావాలో టైము లేని తేదీ రకం) ఫీల్డు ఉత్త ట్యాగ్‌గా పడుతోంది. జావాలోని పాత తేదీ రకం యుటిల్ డేట్ పెడితే టైము, +05:30 (యూటీసీతో మన టైము తేడా) కూడా తగులుకుంటున్నాయి. 2024-12-30 అని మాత్రమే రావాలి.

జవాబు: లోకల్‌డేట్‌లో జాక్స్‌బీకి దొరికే గెటర్-సెటర్ (విలువ తీసే, పెట్టే మెథడ్ల) జతలు లేవండి, అందుకే ఖాళీ. ఎక్స్ఎంఎల్ అడాప్టర్ క్లాసు రాయండి: మార్షల్‌లో (ఎక్స్ఎంఎల్ రాసేటప్పుడు) టుస్ట్రింగ్, అన్‌మార్షల్‌లో (చదివేటప్పుడు) పార్స్. ఫీల్డు మీద ఎక్స్ఎంఎల్ జావా టైప్ అడాప్టర్ అనొటేషన్ పెట్టండి. రెండు మెథడ్లలోనూ నల్ (విలువ లేకపోవడం) చూసుకోండి, లేదంటే తేదీ ఎక్కించని చెరువు దగ్గర ప్రోగ్రాం పడిపోద్ది.

జవాబు: తేదీని నమూనా ప్రకారం రాసే ఫార్మాటర్ జోలికెళ్తే, ఆ నమూనాలో సంవత్సరానికి పెద్ద వై (Y) వద్దు. అది వారాల లెక్క సంవత్సరం. డిసెంబర్ 30 ఉన్న వారం 2025 లెక్కలోకొస్తుంది కాబట్టి మీ తేదీ కాస్తా 2025-12-30 అయిపోద్ది.

జవాబు: యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మార్చి టైము కత్తిరించడం ఇంకా ప్రమాదం. మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు 18:30. తెల్లారగట్ట 3 గంటలకు పట్టిన సరుకు నిన్నటి లెక్కలోకెళ్తుంది.