‘మోర్ ఆనర్డ్ ఇన్ ద బ్రీచ్’లో ‘మోర్’ దేన్ని కొలుస్తుంది?

ప్రశ్న:
ఒక నియమం పుస్తకంలోనే ఉంది, దాన్ని పాటించేవారు లేరు అని చెప్పడానికి ఇంగ్లిషు సంపాదకీయాలలో ‘మోర్ ఆనర్డ్ ఇన్ ద బ్రీచ్ దాన్ ది అబ్జర్వెన్స్’ (పాటించడంలో కంటే ఉల్లంఘనలోనే ఎక్కువ ‘ఆనర్’ పొందేది) అని రాస్తుంటారు. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ మొదటి అంకంలో దీనికి ముందున్న పాదం నాకు సగమే గుర్తుంది: ‘నేటివ్ హియర్ అండ్ టు ద మ్యానర్ బార్న్’ (ఇక్కడే పుట్టి, ఆ మ్యానర్‌లోనే పుట్టిపెరిగినవాణ్ణి). ఇక్కడ మ్యానర్ అంటే రీతియా, భూస్వామి భవనమా? పలికేది డెన్మార్క్ రాకుమారుడు హామ్లెట్ కనుక రెండవదే పొసగుతుందని నా ఊహ.

సమాధానం:
రీతి అనే అర్థమే సరైనదండి. నాటకపు పాత ముద్రణలైన 1604–05 నాటి క్వార్టోలోను, 1623 నాటి ఫోలియోలోను ఆ వర్ణక్రమమే (manner) ఉంది. రెండు మాటల ఉచ్చారణ ఒకటే కావడంతో భవనం అర్థం తరువాత వచ్చి చేరింది. 1979లో బీబీసీ ఒక హాస్య ధారావాహికకు ఆ శ్లేషనే పేరుగా పెట్టింది. అయితే అసలు చిక్కు ‘మోర్’ దగ్గర ఉంది. హామ్లెట్ ఈ మాట అంటున్న వేళకు లోపల విందులో రాజు క్లాడియస్ తాగుతూనే ఉన్నాడు, బాకాలూ ఫిరంగులూ మోగుతూనే ఉన్నాయి; అంటే ఆ తాగుడు ఆచారం నిక్షేపంగా నడుస్తోంది. దాన్ని పాటించడంకంటే మానుకోవడమే మర్యాద అని అతని భావం. పాటించేవారు తక్కువ అని అతడు అనలేదు.

మరొక సమాధానం:
నాటకం వరకు మీ మాట ఒప్పుకుంటాను. కాని ఇచ్చిన మాటను ‘ఆనర్’ చేయడమంటే నిలబెట్టుకోవడమనే అర్థం ఇంగ్లిషులో స్థిరపడి ఉంది కనుక, సంపాదకీయాలలోని వాడుక తప్పు కాదు. జాతీయానికి అర్థమిచ్చేది వాడేవారే, పుట్టించినవాడు కాదు.

ఇంకొక సమాధానం:
బ్రీచ్ అన్న మాటను ఇద్దరూ తేలికగా దాటేశారు. షేక్‌స్పియర్ మరో నాటకంలో రాజు ఐదవ హెన్రీ ‘వన్స్ మోర్ అంటు ద బ్రీచ్’ అన్నప్పుడు అది కోటగోడకు పడిన గండి. ఫిరంగులు మోగే సన్నివేశంలో షేక్‌స్పియర్ ఆ ధ్వనిని మరచి ఉంటాడా? కోట తలుపులు పగలగొట్టే పేలుడుమందు పాత్ర అయిన పెటార్డ్‌తో ‘హాయిస్ట్ విత్ హిజ్ ఓన్ పెటార్డ్’ (తన పేలుడుకు తానే ఎగిరిపోవడం) అన్న నుడికారాన్ని ఇచ్చినదీ ఈ నాటకమే.

మొదట సమాధానమిచ్చినవారు:
పక్కనే ‘అబ్జర్వెన్స్’ ఉన్నంతకాలం బ్రీచ్‌కు ఉల్లంఘన తప్ప వేరే అర్థం కుదరదు. మీరు తెచ్చిన పెటార్డ్ పాదం క్వార్టోలోనే ఉంది, ఫోలియోలో లేదు. అలాగే ఫోలియో వదిలేసిన మరికొన్ని పాదాలు ఈ సన్నివేశంలోనే ఉన్నాయి. ఈ విందుల వల్ల ఇతర దేశాలవారు మనలను తాగుబోతులంటున్నారని, మన ఘనకార్యాల విలువ కూడా తగ్గిపోతోందని హామ్లెట్ వాటిలో వాపోతాడు. ఆ పాదాలను కలిపి చదివినవారికి ‘ఆనర్’ అంటే పరువు అని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న వేసినవారు:
భవనాన్ని వదిలేస్తాను. మరి ఆ రీతి ఏది? డెన్మార్క్ జీవనరీతియా, కేవలం ఈ తాగుడా?

వేరొకరి సమాధానం:
తాగుడే. ‘నేటివ్ హియర్’ అన్నాక దేశపు రీతిని మళ్లీ చెబితే పునరుక్తి అవుతుంది.

మొదట సమాధానమిచ్చినవారు:
ఆ తర్కం ఈ నాటకంలో చెల్లదు. ‘విప్స్ అండ్ స్కార్న్స్’ (కొరడాదెబ్బలు, ఈసడింపులు), ‘స్లింగ్స్ అండ్ యారోస్’ (వడిసెలలు, బాణాలు) అంటూ దగ్గరి మాటలను జంటలు కట్టడం ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది. ఇది కూడా అలాంటి జంటే అని నా అభిప్రాయం.