అప్‌డేట్: లాప్రోస్కోపీ తర్వాత అమ్మకు వచ్చిన భుజం నొప్పి

లాప్రోస్కోపీతో (పొట్టపై చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌తో) పిత్తాశయం తొలగించాక అమ్మకు కుడి భుజం ఎందుకు లాగుతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఈసీజీ మామూలుగానే ఉందని చూశాక సర్జన్ గారు, పొట్ట ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని) ఇబ్బంది పెట్టిందనీ, దానికీ భుజానికీ నాడులు మెడ దగ్గర ఒకే చోటి నుంచి వస్తాయి కనుక నొప్పి భుజంలో తెలుస్తోందనీ వివరించారు. నిటారుగా కూర్చోగానే అమ్మ భుజం పట్టుకునేది. అందుకే వెల్లకిలా పడుకోబెట్టమన్న మీ సూచన, పారాసెటమాల్‌తో కలిపి, బాగా పనిచేసింది. ఇప్పుడు నొప్పి పూర్తిగా పోయింది. ఇది పేగుల్లోని గ్యాస్ కాదు కాబట్టి యాంటాసిడ్ వల్ల ఏ ప్రయోజనమూ కలగలేదు. కార్బన్ డయాక్సైడ్‌కు బదులు హీలియం వాడితే మేలేమో అన్నవారి ప్రశ్న కూడా అడిగాను: అది రక్తంలో సరిగా కరగదు, రక్తనాళంలోకి బుడగగా చేరితే ప్రాణాపాయం, కార్బన్ డయాక్సైడ్ మాత్రం త్వరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పొట్టలో నింపే గ్యాస్ పీడనం సాధారణంగా 12–15 మి.మీ. పాదరసం మధ్య ఉంచుతారట. వీలైన చోట ఇంకా తగ్గిస్తే ఈ నొప్పి కూడా తగ్గవచ్చన్నారు.