ఆశ్రమంలో ఉన్న అమ్మ దగ్గరికి మా కుక్కను తీసుకెళ్లొచ్చా?

ధర్మవరం అబ్బాయి:
అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో చూసుకునే వీలు లేక ఐదు నెలల కింద అనంతపురంలో ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాం. తొమ్మిదేళ్లు ఆమె చేతి ముద్ద తిని పెరిగిన రాజు (నాటు కుక్కే) ఇక్కడ మాతోనే ఉంది. పోయిన ఆదివారం వెళ్తే అమ్మ కొంగు ముడి విప్పి రెండు బిస్కెట్లు నా చేతిలో పెట్టింది, "రాజుకు పెట్టు నాయనా" అని. పొద్దున టీతో ఇచ్చినవి తినకుండా దాచింది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఒక్కసారి రాజును చూపిస్తానంటే మేనేజర్ గారు "కరిస్తే ఎవరు జవాబు చెప్పాలి" అంటున్నారు, అదీ నిజమే, ఆ హాల్లో ఇంకా ఇరవై మంది ఉన్నారు. ఏం జాగ్రత్తలు తీసుకుని అడగాలి?

కర్నూలు నర్సమ్మ:
అన్నా, నేను ఆశ్రమంలోనే ఆరేళ్లుగా పనిచేస్తున్నా. అందరికీ కాటు భయమే గానీ మాకు ఎక్కువ ఎదురయ్యేది గోరు గీతలు, కాళ్లకు అడ్డం పడటం. పెద్దవాళ్ల చర్మం ఉల్లిపొర లాంటిది. ఒక తాత మీద కుక్క ప్రేమగా కాలు పెట్టినందుకే మోచేతి కింద తోలు రెండంగుళాలు లేచొచ్చింది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడేమో, ఎంతసేపు అదిమి పట్టినా నెత్తురు ఆగలేదు. కాబట్టి ముందు రోజే గోర్లు తీయించండి, అమ్మ ఒడిలో మందపాటి దుప్పటి వేయండి. ఆమె కుర్చీలో కూర్చున్నాకే కుక్కను తీసుకురండి, లేచి ఎదురొస్తే ఆ తుంటితో మళ్లీ పడుతుంది. గొలుసు పొట్టిగా పట్టుకుని మీ చేతిలోనే ఉంచుకోండి. హాల్లోకి అసలు వద్దు, వరండా అడగండి. ఆస్తమా వాళ్లుంటారు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు ఉన్నట్టుండి తోక లాగుతారు, అప్పుడు ఎంత మంచి కుక్కైనా తిరగబడుతుంది. అయిపోయాక అమ్మ చేతులు సబ్బుతో కడిగించండి.

అనంతపురం మిత్రుడు:
ఇంత టెన్షన్ ఎందుకు బ్రదర్, పంజరంలో ఒక రామచిలుకను పెట్టిస్తే అమ్మకు తోడుగా ఉంటుంది కదా?

కడప పశువైద్యశాల:
మన రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ పని చేయకండి. ఆమె అడిగింది రాజును, చిలుకను కాదు.
అన్నా, రేబీస్ టీకా ఏటా వేయిస్తున్నారా? ఆ కార్డు మేనేజర్ ముందు పెడితే సగం మాట అక్కడే తేలిపోతుంది. ఇంతవరకు వేయించకపోతే ఇవాళ వేయించి రేపు తీసుకెళ్లకండి, నెల ఆగండి. నట్టల మందు కూడా తాగించండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. బొచ్చు రాలి గుండ్రంగా మచ్చలుంటే తామర కావచ్చు, మనుషులకూ అంటుకుంటుంది, ముందు చూపించండి. పన్ను గానీ గోరు గానీ తగిలి రక్తం వస్తే, టీకా వేసిన కుక్కే కదా అని వదిలేయొద్దు. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు.

ధర్మవరం అబ్బాయి:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఇల్లంతా వెతికినా కార్డు దొరకలేదు, అసలు టీకా వేయించామో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. రేపు పొద్దున్నే వేయించి నెల ఆగుతా. మేనేజర్ గారికి ఫోన్ చేసి వరండాలో అరగంట చాలు, గొలుసు నా చేతిలోనే ఉంటుందంటే, ముందు కార్డు తీసుకురండి చూద్దాం అన్నారు. ఆ రెండు బిస్కెట్లు రాజుకు పెట్టేశా.