పాల్ కెనడీని ఒక్క జోస్యం చూసి కొట్టిపారేయొచ్చా?

లంగరు:
నాకెప్పట్నుంచో ఉన్న డౌట్ ఇది. బ్రిటిష్ చరిత్రకారుడు పాల్ కెనడీ 1987లో రాసిన 'ది రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ ది గ్రేట్ పవర్స్' ఆఖరి చాప్టర్‌లో అమెరికా మోయలేనంత బరువు నెత్తినేసుకుంది, జపాన్ పైకొస్తోంది అన్నట్టు చెప్పాడు. నాలుగేళ్లు తిరక్కుండానే సోవియట్ యూనియన్ కూలిపోయింది, జపాన్‌లో షేర్లు, భూముల ధరల బబుల్ పేలింది, అమెరికా ఒక్కటే మిగిలింది. ఇంత దారుణంగా తప్పిన మనిషిని యేల్ యూనివర్సిటీలో కూర్చోబెట్టి గ్రాండ్ స్ట్రాటజీకి (అంటే ఒక దేశం తన సైన్యం, డబ్బు, దౌత్యం అన్నీ కలిపి వేసుకునే దీర్ఘకాలిక వ్యూహానికి) పెద్దదిక్కు అంటారేంటి?

పాతపుటలు:
లంగరు గారూ, ఆ పుస్తకం 1500 దగ్గర మొదలవుతుందండీ, అందరూ చివరి చాప్టరే చదివి తిడతారు. ఆయన అన్నది అమెరికా కూలిపోతుందని కాదు, మిగతావాళ్లు ఎదిగేకొద్దీ దాని వాటా తగ్గుతుందని. సోవియట్ గురించి పెట్టిన హెడ్డింగ్‌లోనే 'వైరుధ్యాలు' అనే మాట ఉంది, అక్కడ కుళ్లు ఆయనకి కనపడకేం కాదు.

లంగరు:
కుళ్లు కనపడింది సరే. కానీ రష్యా తన సామ్రాజ్యం తగ్గిపోతుంటే హుందాగా ఒప్పుకునే రకం కాదని రాసింది కూడా ఆయనే కదా, 1991లో పెద్ద యుద్ధమేమీ లేకుండానే విడిపోయారు. 2002లో మళ్లీ ఆయనే, అమెరికాకీ మిగతావాళ్లకీ ఇంత తేడా చరిత్రలోనే లేదని పేపర్లో రాశాడు. ఏది నమ్మాలి?

ఉప్పుగాలి:
మీరిద్దరూ 1987 దగ్గరే ఆగిపోయారు బ్రో. ఈయన 1945లో ఇంగ్లండ్‌లోని వాల్‌సెండ్‌లో పుట్టాడు, టైన్ నది ఒడ్డున ఓడలు కట్టే ఊరు అది, తర్వాత ఆక్స్‌ఫర్డ్, యుద్ధ వ్యూహాల మీద రాసే లిడెల్ హార్ట్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్, ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో పాఠాలు, 1983లో యేల్. అసలు సరుకు 1976లో బ్రిటిష్ నేవీ మీద రాసిన పుస్తకంలో ఉంది. అప్పటిదాకా అందరూ అమెరికన్ నేవీ సిద్ధాంతకర్త మహాన్ చెప్పినట్టు సముద్రం మీద పట్టుంటే అన్నీ ఉన్నట్టే అనుకునేవాళ్లు, ఈయన దాన్ని తిరగేశాడు, ఫ్యాక్టరీలు, వ్యాపారం, ఖజానా బాగున్నంతకాలమే ఫ్లీట్ నిలబడుతుంది అన్నాడు. 1889లో బ్రిటన్ రూల్ ఏంటి? తన నేవీ, తన తర్వాతి రెండు పెద్ద నేవీలూ కలిపినంతకి కనీసం సమానంగా ఉండాలి. నేవీల సైజుకి హద్దులు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందంలో అమెరికాతో సరిసమానానికి సంతకం పెట్టేసింది. మధ్యలో వరల్డ్ వార్ గెలిచింది కూడా! 33 ఏళ్లలో సముద్రం మీద ఓడిపోకుండానే పెద్దరికం చేజారింది. దీన్ని మహాన్‌తో ఎలా వివరిస్తారు చెప్పండి.

పాతపుటలు:
కరెక్ట్. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆయన రాసిన 2013 పుస్తకం కూడా చూడాలి, అందులో చర్చిల్, రూజ్‌వెల్ట్‌లని కాస్త పక్కకి జరిపి మధ్యస్థాయి ఇంజినీర్లని, ఆఫీసర్లని ముందుకి తెచ్చాడు. 1943 మేలో జర్మన్లు ఒక్క నెలలో 40కి పైగా యూ-బోట్లు (సబ్‌మెరైన్లు) పోగొట్టుకుని అట్లాంటిక్‌లో కాన్వాయ్‌లు, అంటే గుంపుగా వెళ్లే సరుకు ఓడల దారి నుంచి వెనక్కి తగ్గారంటే లాంగ్ రేంజ్ విమానాలు, కొత్త రాడార్, ఎస్కార్ట్ ఓడలు అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి కాబట్టే. నాకు ఆయన రాసినవాటిలో ఇదే ఇష్టం, కొంచెం సాగదీసినా.

లంగరు:
1889, 1922 లెక్కకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆయనకి ప్రపంచమంతా పేరు తెచ్చింది మీరు పొగిడే 1976 పుస్తకం కాదుగా, ఆ 1987దే, అది కూడా ఆ చివరి చాప్టర్ వల్లే టీవీల్లో మోగింది. పేరు దానివల్ల వచ్చినప్పుడు తిట్లు కూడా దానికే పడతాయి. ఓవర్‌రేటెడ్ అన్న మాట వెనక్కి తీసుకోను.