'పడదు' అన్న మాటలో ఎలర్జీ ఎంతవరకు ఇముడుతుంది?

ప్రశ్న: చెన్నైలోని ఒక ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగుల కోసం నమోదు పత్రాన్ని తెలుగులో తయారుచేస్తున్నాము. తమిళ పత్రంలో 'ఒవ్వామై' అన్న ఒక్క మాటతో పని తేలిపోయింది. తెలుగులో ఎలర్జీకి 'అసహనం' అని రాయమని ఒకరు సూచించారు. అందరి నోటా ఉన్న 'పడదు' అన్న క్రియ వైద్యానికి పనికిరాదా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: పనికివస్తుందండీ, అయితే ఒక హద్దు వరకే. ముందుగా 'అసహనం' సంగతి తేల్చేద్దాం. అది మనసుకు సంబంధించిన మాట. "మీకు అసహనం ఉందా?" అని అడిగితే, టోకెను పట్టుకుని పొద్దుటినుంచి వరండాలో కూర్చున్న ఏ రోగి అయినా ఉందనే చెబుతాడు.

'పడదు' బలమంతా దాని వాక్యనిర్మాణంలో ఉంది. "నాకు రొయ్యలు పడవు" అన్నప్పుడు అందులో మనిషి ఉన్నాడు, పదార్థం ఉంది, అవయవం పేరు మాత్రం లేదు. మన పాత రోగనామాలు ఇందుకు భిన్నంగా అవయవాన్ని బట్టి ఏర్పడ్డాయి: ముక్కుకైతే పడిశం, ఊపిరితిత్తులకైతే ఉబ్బసం, చర్మానికైతే దద్దుర్లు. అందువల్ల ఒకే పిల్లవాడికి పసితనంలో మోచేతి మడతల్లో ఎర్రటి దురద, బడికి వెళ్ళే వయసులో పొద్దున లేవగానే వరుస తుమ్ములు, ఆ తరువాత రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తే, ఇంట్లోవాళ్ళు వాటిని మూడు వేర్వేరు జబ్బులుగా లెక్కవేస్తారు. వైద్యులు చాలాసార్లు ఒకే ధోరణి మూడు చోట్ల బయటపడిందని చూస్తారు.

ఎందుకంటే లోపల జరిగేది చాలావరకు ఒకటే. పడని పదార్థం మొదటిసారి సోకినప్పుడు శరీరం దానికి ఎదురుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీని) తయారుచేసుకుంటుంది. అది వెళ్ళి మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. ఈ కణాలు బయటి ప్రపంచం శరీరాన్ని తాకే చోట్లన్నిటా, అంటే చర్మంలో, ముక్కు పొరల్లో, శ్వాసనాళాల్లో, పేగుల్లో కాపు కాస్తుంటాయి. అదే పదార్థం మళ్ళీ వచ్చినప్పుడు అవి హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. అక్కడినుంచి ఏమవుతుందన్నది ఆ చోటును బట్టి ఉంటుంది. ముక్కులో పొర వాచి నీరు కారుతుంది, కంట్లో ఎరుపు, దురద వస్తాయి, శ్వాసనాళం చుట్టూ ఉన్న కండరం బిగిసి ఊపిరి ఈలవేస్తుంది, చర్మంలో సన్నని రక్తనాళాలనుంచి నీరు ఊరి దద్దు లేస్తుంది, పేగు మెలిపెట్టి వాంతో విరేచనమో అవుతుంది. ఒళ్ళంతటా ఒకేసారి జరిగితే రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. అదే అనాఫిలాక్సిస్, దానికి తొడ కండరంలో వెంటనే ఇవ్వవలసిన మందు అడ్రినలిన్.

ఇక్కడ క్రియ కాలాన్ని కూడా గమనించాలి. "ఇన్నాళ్ళూ పడ్డవే కదా, ఇప్పుడెందుకు పడవు?" అని ఇంట్లో పెద్దవాళ్ళు వాదిస్తారు. ఒకప్పుడు పడినది తరువాత పడకపోవడమే ఎలర్జీ తీరు. 1906లో 'ఎలర్జీ' అన్న మాటను కల్పించిన వియన్నా శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఉద్దేశం కూడా ఇదే: మొదటి పరిచయం తరువాత మారిపోయిన శరీర స్పందన.

ఇక హద్దు సంగతి. 'పడదు' మరీ ఉదారమైన మాట. అత్తాకోడళ్ళకూ పడదు. "పాలు పడవు" అన్నవారిలో ఒకరికి పాల ప్రోటీన్ మీద ఎలర్జీ ఉండవచ్చు, మరొకరికి పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ తక్కువై కడుపు ఉబ్బరించవచ్చు. రెండవది ఎలర్జీ కాదు. "గిల్టు నగలు పడవు" అన్నది ఎలర్జీయే, కానీ అక్కడ నగలోని నికెల్‌కు స్పందించేవి టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు, ఐజీఈకి పాత్ర లేదు. అందుకే చెవి తమ్మె వెంటనే కాక ఒకటి రెండు రోజులకు పుండవుతుంది.

మరొక సభ్యులు: మందుల విషయంలో 'వికటించింది' అన్న చక్కని మాట ఉంది కదా. పత్రికలన్నీ అదే రాస్తాయి.

జవాబు: పత్రికలు రాస్తాయి, నాకు మాత్రం అది నచ్చదు. మోతాదు ఎక్కువైనా వికటించిందే, కలుషితమైన సూది అయినా వికటించిందే. పైగా అది జరిగిపోయిన ప్రమాదం గురించి చెబుతుంది. మనిషిలో ఉన్న లక్షణాన్ని 'పడదు' చెప్పినట్టు చెప్పలేదు.

పత్రం అడిగినవారికి నా సూచన ఇది. శీర్షికగా 'ఎలర్జీ' అనే ఉంచండి. పల్లెల్లో కూడా అర్థమవుతుంది. దాని కింద "మీకు ఏ మందు, ఏ తిండి, ఏ వస్తువు పడదు? పడనప్పుడు ఏమవుతుంది: దద్దుర్లా, ముఖం వాపా, తుమ్ములా, ఆయాసమా, వాంతులా, కళ్ళు తిరగడమా? ఎంతసేపటికి?" అని రాయండి. చివరి ప్రశ్నను తీసేయకండి. మందు వేసుకున్న కొద్ది నిమిషాలకే దద్దుర్లతో పాటు ఆయాసం వచ్చిందని రోగి రాస్తే, మత్తు ఇచ్చే డాక్టరు ఆ పేరున్న మందు జోలికి వెళ్ళరు. మాత్ర వేసుకుంటే కడుపులో మంట అని రాస్తే మరోలా ఆలోచిస్తారు.