హెచ్1బీ మీద టెక్సాస్‌లో గన్ కొనొచ్చా? "లైసెన్సు అక్కర్లేదు" అన్నది మనకీ వర్తిస్తుందా?

ఇర్వింగ్‌వాసి (ప్రశ్న):

నాది హెచ్1బీ, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, 485 (అసలు గ్రీన్ కార్డు దరఖాస్తు) ఇంకా వేయలేదు. మా ఆవిడది హెచ్4 (డిపెండెంట్ వీసా). మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలు వెతుక్కుంటూ వస్తున్నారన్న మాట ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. ఆఫీసులో అమెరికన్లేమో "2021 నుంచి టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదు, వెళ్లి కొనుక్కో" అంటున్నారు. హ్యాండ్‌గన్ కొనొచ్చా? కారులో పెట్టుకోవచ్చా? గ్రీన్ కార్డున్న బావమరిది కొని మా ఇంట్లో ఉంచితే కుదురుతుందా? సెక్షన్లతో సహా చెప్పండి ప్లీజ్. "లాయర్‌ని అడుగు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

లోన్‌స్టార్_రావు:

మీ ఆఫీసువాళ్లు చెప్పింది టెక్సాస్ చట్టం. మీకు అడ్డుపడేది ఫెడరల్ చట్టం. 2021 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 1927 ప్రకారం 21 ఏళ్లు నిండి, గన్ దగ్గర ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ వెంట తీసుకెళ్లొచ్చు. ఆ అర్హత దగ్గరే మనకి చిక్కు. 18 యూఎస్‌సీ (ఫెడరల్ చట్టాల కోడ్) 922(జి)(5)(బి) ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా (తాత్కాలిక వీసా) మీద వచ్చినవాళ్ల దగ్గర గన్ ఉండకూడదు, తూటాలు కూడా ఉండకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 (స్టూడెంట్), బి2 (విజిటర్) అన్నీ ఇందులోకే వస్తాయి. రేపు 485 వేసి ఈఏడీ (వర్క్ పర్మిట్) చేతికొచ్చినా ఏమీ మారదు, గ్రీన్ కార్డు అప్రూవ్ అయ్యేదాకా ఇంతే. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు. 2022 సవరణకి ముందు 10 ఉండేది.

దీనికి 922(వై)(2)లో మినహాయింపులు ఉన్నాయి. మనకి పనికొచ్చేది ఒక్కటే: చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. అది అమెరికాలో ఏ రాష్ట్రం ఇచ్చినదైనా సరే. టెక్సాస్‌లో ఆరు నెలలుగా ఆపకుండా ఉంటుంటే రెసిడెంట్ లైసెన్సు 25 డాలర్లు, లేదంటే నాన్‌రెసిడెంట్ 315. 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 17 దాటినవాళ్లకి ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

మనవాళ్లు బోల్తా పడేది షాపులో 4473 ఫారం (గన్ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం) దగ్గర. "అక్రమంగా దేశంలో ఉన్నారా" అన్నది ఒక ప్రశ్న, "నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చారా" అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి "కాదు" అని టిక్ పెట్టిన ఊపులో రెండోదానికీ "కాదు" కొట్టేస్తారు. అది తప్పుడు వాంగ్మూలం కిందకి వస్తుంది. రెండోదానికి "అవును" అనాలి, దాని కిందే మినహాయింపు ఉందా అని అడిగినచోట కూడా "అవును" అనాలి, హంటింగ్ లైసెన్సు చూపించాలి. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) నంబరు కూడా అడుగుతారు, దగ్గర పెట్టుకోండి.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. టెక్సాస్ హంటింగ్ లైసెన్సు మీరు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31కి అయిపోతుంది. కొత్త ఏడాదివి ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు. రెన్యువల్ మర్చిపోయారంటే సెప్టెంబర్ 1 పొద్దున మీరు నిద్ర లేవకముందే బీరువాలో ఉన్న గన్ ఫెడరల్ నేరం అయిపోతుంది. గన్‌ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, మీ అధీనంలో ఉంటే చాలు.

ప్లేనో_పద్మ:

బావమరిది సంగతి. మీ డబ్బుతో మీ కోసం ఆయన కొంటే అది స్ట్రా పర్చేజ్ (ఒకరి పేరు మీద ఇంకొకరి కోసం కొనడం). 4473లో "అసలు కొనుగోలుదారు మీరేనా" అన్న ప్రశ్నకి ఆయన అబద్ధం చెప్పినట్టు. తీసుకునేవాడికి అర్హత ఉన్నా సరే ఇది నేరమేనని 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఇక్కడ మీకు ఆ అర్హత కూడా లేదు. 2022 నుంచి స్ట్రా పర్చేజ్‌కి విడిగా సెక్షన్ 932 ఉంది, 15 ఏళ్ల దాకా. ఇరుక్కునేది మీరొక్కరే కాదు, ఆయనా ఇరుక్కుంటాడు.

ఆయన తన కోసమే కొనుక్కుని మీ ఇంట్లో పెట్టినా, తాళం మీ చేతిలో ఉందంటే గన్ మీ అధీనంలో ఉన్నట్టే లెక్క.

"రేంజ్‌కి వెళ్లి అద్దె గన్‌తో సరదాగా కాలుస్తాం" అనేవాళ్లకి కూడా చెప్తున్నా. 2019 నాటి రెహైఫ్ కేసు చూడండి. ఎఫ్1 మీద ఫ్లోరిడాకి వచ్చిన విద్యార్థి, కాలేజీ తీసేశాక స్టేటస్ పోయింది, ఫైరింగ్ రేంజ్‌లో కాల్చినందుకు కేసు పెట్టారు. తనకి స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంటూ సుప్రీంకోర్టు శిక్షని పక్కన పెట్టిందే తప్ప, రేంజ్‌లో కాసేపు పట్టుకుంటే లెక్కలోకి రాదని అనలేదు. టీమ్ అవుటింగ్ షూటింగ్ రేంజ్‌లో పెడితే హంటింగ్ లైసెన్సు లేనివాళ్లు బయట కూర్చుని కాఫీ తాగడం మేలు.

గుంటూరు2గార్లాండ్:

రావు గారు చెప్పిన దారి చట్టబద్ధమే, కాదనను. కానీ హెచ్1బీ మీద ఉన్నంతకాలం నేనైతే వద్దనే చెప్తా. గన్‌కి సంబంధించిన ఏ నేరంలో శిక్ష పడినా 8 యూఎస్‌సీ 1227(ఎ)(2)(సి) కింద దేశం నుంచి పంపేయొచ్చు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనైనా సరే. లోకల్ క్రిమినల్ లాయర్ "డిఫర్డ్ అడ్జుడికేషన్ (షరతులు పాటిస్తే కేసు కొట్టేసే ఒప్పందం) తీసుకుందాం, రికార్డులో శిక్ష ఉండదు" అంటాడు. టెక్సాస్ లెక్కలో ఉండదు, నిజమే. ఇమ్మిగ్రేషన్ లెక్కలో నేరం ఒప్పుకుని కోర్టు ఏ షరతు పెట్టినా అది శిక్షే. సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించాల్సిందే.

రెండోది ఆత్మరక్షణ. టెక్సాస్ పీనల్ కోడ్ 9.32 ప్రకారం మీరున్న ఇంట్లోకి ఎవడైనా బలవంతంగా చొరబడితే మీరు ప్రాణాంతక బలం వాడటం సమంజసమేనని కోర్టు ముందే అనుకుంటుంది, వెనక్కి తగ్గాల్సిన పని కూడా లేదు. అయితే ఆ రెండిటికీ ఉన్న షరతుల్లో ఇదొకటి: ఆ సమయంలో మీరు వేరే నేరం చేస్తూ ఉండకూడదు, చిల్లర ట్రాఫిక్ తప్పులు తప్ప. హంటింగ్ లైసెన్సు అయిపోయిన గన్‌తో కాల్చారనుకోండి, ప్రాసిక్యూటర్ మొట్టమొదట పట్టుకునేది దాన్నే. ఇక 9.42 చూపించి "రాత్రి పూట దొంగని కాల్చేయొచ్చు" అని గ్రూపుల్లో తిప్పుతుంటారు. ఆ సొత్తుని వేరే మార్గంలో కాపాడుకోలేమనో, తక్కువ బలం వాడితే మనకే ప్రాణాపాయమనో సహేతుకంగా నమ్మాలన్న మాట అందులోనే ఉంది. ఫార్వర్డ్ చేసేవాళ్లు అక్కడిదాకా చదవరు.

దొంగల భయమే అసలు కారణమైతే ముందు తలుపు సంగతి చూడండి. గొళ్లెం పడే చోట ఫ్రేముకి ఉన్న స్ట్రైక్ ప్లేట్ విప్పి చూస్తే చాలా ఇళ్లలో ముప్పావు అంగుళం స్క్రూలు కనిపిస్తాయి, ఒక్క తన్నుకి ఊడిపోతాయి. వాటి బదులు 3 అంగుళాలవి వేస్తే గోడ లోపలి స్టడ్‌లోకి (చెక్క దిమ్మెలోకి) దిగుతాయి, ఖర్చు పది డాలర్లు కూడా కాదు. బంగారం బ్యాంకు లాకర్‌కి. ఇన్సూరెన్సులో నగల దొంగతనానికి చాలా పాలసీలు 1,500 డాలర్ల దగ్గర ఆగిపోతాయి, నగల్ని పాలసీలో విడిగా షెడ్యూల్ చేయించుకోవాలి (పేరుపేరునా రాయించుకోవాలి). షాపుల్లో అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే టెక్సాస్‌లో నిషిద్ధ ఆయుధం కాదు, వీసాతో సంబంధం లేదు.

ఇర్వింగ్‌వాసి:

అర్థమైంది, గన్ ఆలోచన గ్రీన్ కార్డు వచ్చేదాకా పక్కన పెట్టేశా. బావమరిది మాత్రం తనకోసం కొనుక్కుంటాడట. లైసెన్సు అక్కర్లేనప్పుడు ఎల్‌టీసీ (హ్యాండ్‌గన్ వెంట తీసుకెళ్లడానికి టెక్సాస్ ఇచ్చే లైసెన్సు) ఎందుకు అంటున్నాడు. వచ్చే నెల వాళ్లింటికి మా అత్తమామలు బి2 మీద వస్తున్నారు, దానివల్ల ఏమైనా ఇబ్బందా?

లోన్‌స్టార్_రావు:

గ్రీన్ కార్డుతో కొనడం తేలికే, కార్డు మీద ఉండే A-నంబరు (ఇమ్మిగ్రేషన్ నంబరు) రాయాలి, ఐడీ మీద ప్రస్తుత అడ్రసు ఉండాలి. ఎల్‌టీసీ తీసుకోమనే చెప్పండి. ఫీజు 40 డాలర్లు, 4 నుంచి 6 గంటల క్లాసు, తర్వాత కాల్చే పరీక్ష: మొత్తం 50 తూటాలు, 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250కి 175 వస్తే పాస్. మొదటిసారి నాలుగేళ్లకి ఇస్తారు.

లాభం ఎక్కడంటే, ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకి 1,000 అడుగుల లోపు లోడ్ చేసిన గన్‌తో వెళ్లకూడదు. ఆ రాష్ట్రం లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు. మన సబ్‌డివిజన్లలో స్కూలు దాటకుండా మెయిన్ రోడ్డు ఎక్కడం ఎక్కడ కుదురుతుంది? అదీకాక ఎల్‌టీసీ ఉంటే షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం ఆగక్కర్లేదు, 4473 మాత్రం నింపాలి. ఓక్లహోమా, లూసియానా దీన్ని గుర్తిస్తాయి, కాలిఫోర్నియా, న్యూజెర్సీ గుర్తించవు.

బోర్డులు చదవడం నేర్చుకోవాలి. పీనల్ కోడ్ సెక్షన్ల నంబర్లే బోర్డుల పేర్లు: లైసెన్సు లేనివాళ్లని ఆపేది 30.05, లైసెన్సుతో దాచి తెచ్చేవాళ్లని 30.06, కనిపించేలా తెచ్చేవాళ్లని 30.07. 30.06, 30.07 బోర్డులు ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలి. దాటితే 200 డాలర్ల దాకా జరిమానా, నోటితో వెళ్లిపొమ్మన్నా వెళ్లకపోతే క్లాస్ ఏ నేరం (మిస్‌డిమీనర్లలో పెద్దది; క్లాస్ సీ అన్నిటికంటే చిన్నది). ఎర్రగా 51% అని కనిపిస్తే అది బార్, లైసెన్సున్నా లోపలికి గన్ తీసుకెళ్లకూడదు. గుడి విషయంలో 2019 నుంచి ప్రత్యేక నిషేధం లేదు, బోర్డు పెట్టారా లేదా అన్నదే లెక్క. కారులో గన్ బయటికి కనబడేలా ఉంటే హోల్‌స్టర్‌లో ఉండాలి. పోలీసు ఆపి ఐడీ అడిగితే, గన్ దగ్గరున్నప్పుడు ఎల్‌టీసీ కూడా చూపించాలి. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, గన్ ఎక్కడుందో నోటితో చెప్పాకే గ్లవ్ బాక్స్ తెరవాలి.

ప్లేనో_పద్మ:

అత్తమామలు కూడా బి2, అంటే వాళ్లూ నాన్‌ఇమ్మిగ్రెంట్లే. ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదు. సేఫ్ కోడ్ వాళ్లకి చెప్పడం, "మేం ఆఫీసుకి వెళ్లినప్పుడు జాగ్రత్తకి ఉంటుంది" అని డ్రాయర్ తాళం ఇవ్వడం చేయకూడదు. పిల్లలుంటే పీనల్ కోడ్ 46.13 కూడా ఉంది: 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం క్లాస్ సీ నేరం, పిల్లాడు కాల్చి ఎవరికైనా తీవ్ర గాయమైతే క్లాస్ ఏ. వేలిముద్ర సేఫ్ కొంటే దాంతోపాటు వచ్చే మామూలు తాళంచెవిని కూడా చూసుకోమనండి. చాలామంది దాన్ని వంటింటి డ్రాయర్‌లో పడేస్తారు, సేఫ్ కొని లాభం ఉండదు.